కబుర్ల చానల్ వెనుక ఫైళ్ల కొట్టు

1990ల మధ్యభాగంలో, వెబ్ బ్రౌజర్లు అప్పుడప్పుడే వాడుకలోకి వస్తూ, ఇంటర్నెట్‌లోకి వెళ్లాలంటే టెలిఫోన్ లైనుకు మోడెమ్ తగిలించి డయల్ చేయవలసి వచ్చిన రోజుల్లో, ఒకరి కంప్యూటర్‌లోని ఫైలు మరొకరికి చేరడానికి ఏర్పడిన మార్గాల్లో ఒకటి, అందుకోసం ఏమాత్రం ఉద్దేశించని చోట, అంటే లోకాభిరామాయణం మాట్లాడుకునే చాట్ చానళ్లలో పుట్టింది. వాడుకలో ‘ఎఫ్‌సర్వ్’ అని పిలిచిన ఈ ఏర్పాటులో ఫైళ్లు ఏ సంస్థ కంప్యూటర్‌లోనో ఉండవలసిన అవసరం లేదు; చానల్లో మారుపేరుతో కూర్చున్న మామూలు మనిషి తన హార్డ్ డిస్కులోని ఒక ఫోల్డర్‌ను బయటివారికి తెరిచి పెడితే, అవతలివారు బొమ్మలూ బటన్లూ ఏవీ లేకుండా, ఎనిమిది చిన్న మాటలు టైపు చేస్తూ ఆ ఫోల్డర్‌లో తిరిగి, కావలసిన ఫైలు అడిగి తీసుకునేవారు. ఇంటర్నెట్ చరిత్ర రాసేవారు ఈ ఏర్పాటును సాధారణంగా పైరసీ అధ్యాయంలో ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తారు. అది బొత్తిగా అన్యాయమని చెప్పలేం గాని, ఆ ఎనిమిది ఆదేశాల్లో దాదాపు అన్నీ పాత యంత్రాల నుంచి అరువు తెచ్చుకున్నవే కావడం, వాటి చుట్టూ పెరిగిన మర్యాదలు మాత్రం కొత్తవి కావడం గమనిస్తే, ఈ చిన్న శాఖకు తనదైన కథ ఉన్నట్టు తెలుస్తుంది.

అరువు మాటలు

దూరాన ఉన్న కంప్యూటర్ నుంచి ఫైలును ఒక ఆదేశంతో రప్పించుకోవడం ఇంటర్నెట్ చాట్ కంటే చాలా పాత ఆలోచన. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్, 1971 ఏప్రిల్ 16 నాటి ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంలో ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని ప్రతిపాదించారు. ఆర్‌ఎఫ్‌సీలు అంటే నెట్‌వర్క్ ఎలా పనిచేయాలో ఇంజనీర్లు ఒకరి ముందు ఒకరు చర్చకు పెట్టుకున్న పత్రాలు. వాటిలో నిలిచినవి కాలక్రమంలో ప్రమాణాలయ్యాయి. ఎఫ్‌టీపీ అంటే రెండు కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి పాటించే నియమావళి. 1985 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 959 దానికి స్థిరరూపం ఇచ్చింది. ఎఫ్‌టీపీ ప్రోగ్రాముల్లో వాడినవారికి ‘గెట్’ అంటే ఫైలు పంపమని, ‘బై’ అంటే ఇక సెలవని అలవాటైంది. అంతకుముందే యూనిక్స్ వాడే విశ్వవిద్యాలయాల్లో, ఉన్న ఫైళ్ల పేర్లు చూపమనడానికి ‘ఎల్‌ఎస్’, ఒక డైరెక్టరీ నుంచి మరోదానిలోకి వెళ్లడానికి ‘సీడీ’ చేతివాడుకలో ఉండగా, చిన్న కంప్యూటర్ల వైపు గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం, ఆ తర్వాత 1981లో వచ్చిన ఎంఎస్ డాస్, ఫైళ్ల పేర్లు చూపే పనికి ‘డిర్’ అన్న మాటను ఇళ్లకూ ఆఫీసులకూ చేర్చాయి. డైరెక్టరీ, ఫోల్డర్ అన్నవి రెండూ ఒకటే. ఫైళ్లను విడివిడిగా పెట్టుకునే అర అని అర్థం.

ఎఫ్‌టీపీతో వచ్చిన చిక్కు ఏమిటంటే, దాన్ని నడపడానికి రాత్రింబగళ్లు నెట్‌వర్క్‌కు అంటిపెట్టుకుని ఉండే యంత్రం కావాలి, అది ఎక్కువగా విశ్వవిద్యాలయాల దగ్గరో కంపెనీల దగ్గరో ఉండేది, పైగా ఏ ఫైలు ఎక్కడ ఉందో ముందే తెలిసి ఉండాలి. ఈ రెండో లోటును తీర్చడానికి 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆర్చీ అనే వెతుకులాట సాధనం వచ్చింది. మొదటి లోటు మాత్రం అలాగే మిగిలింది.

చాట్‌కు, ఫైళ్లకు తొలిసారి ముడిపడింది బిట్‌నెట్‌లోనని చెప్పవచ్చు. 1981లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయాన్ని, యేల్ విశ్వవిద్యాలయాన్ని కలుపుతూ మొదలైన ఈ నెట్‌వర్క్‌లో ఐబీఎం మెయిన్‌ఫ్రేములు వాడేవారు ‘టెల్’ అన్న ఆదేశంతో మరో ఊళ్లోని మనిషికి ఒక వాక్యం అప్పటికప్పుడు పంపగలిగేవారు. 1986లో ఎరిక్ థామస్ రాసిన లిస్ట్‌సర్వ్ ప్రధానంగా ఈమెయిల్ బృందాలను నిర్వహించే ప్రోగ్రామే అయినా, దానికి కూడా మనిషికి పంపినట్టే ‘టెల్’తో వాక్యం పంపి, ‘ఇండెక్స్’ అంటే జాబితా, ‘గెట్’ అంటే ఫైలు తెప్పించుకోవచ్చు. మనిషితో మాట్లాడే దారిలోనే యంత్రంతోనూ మాట్లాడి ఫైలు అడిగే పద్ధతి అక్కడే కనిపిస్తుంది. 1985లో జెఫ్ కెల్ అదే బిట్‌నెట్ మీద రిలే అనే సామూహిక చాట్‌ను నడిపారు. తర్వాతి కథకు ప్రేరణ అదే.

ఊలు నుంచి

1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే విద్యార్థి, తాను చూసుకుంటున్న బులెటిన్ బోర్డులోని చాట్ ప్రోగ్రాముకు బదులుగా ఐఆర్‌సీని రాశారు. ఇంటర్నెట్ రిలే చాట్ అన్నదానికి అది పొట్టి పేరు. వేర్వేరు ఊళ్లలోని సర్వర్లు ఒకదానికొకటి కలిసి ఉండగా, వాడుకరి వాటిలో ఒకదానికి తగులుకుని, హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పేరుగల చానల్లోకి వెళ్లి మాట్లాడితే, ఆ వాక్యం ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు అందుతూ చానల్లో ఉన్న అందరి తెరల మీదా పడుతుంది. 1993 మేలో ఓయికారినెన్, డారెన్ రీడ్ కలిసి ఈ పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1459గా అక్షరబద్ధం చేశారు.

ఆ పత్రంలో రెండు నిబంధనలు ఈ కథకు కీలకం. మొదటిది, ఒక్కో సందేశం 512 బైట్లు మించకూడదు. బైటు అంటే ఒక ఇంగ్లిషు అక్షరం పట్టే చోటు, ఆ 512లోనే పంపేవారి వివరాలు, పంక్తి ముగింపు గుర్తులు కూడా ఇమడాలి. రెండోది, ఎవరైనా గుక్కతిప్పుకోకుండా సందేశాలు గుప్పిస్తే సర్వర్ వారిని నిలువరించి, దాదాపు రెండు సెకన్లకు ఒక్క సందేశం చొప్పున మాత్రమే ముందుకు వదులుతుంది. పిచ్చాపాటీకి ఈ వేగం చాలు, అల్లరి మూకను అదుపు చేయడానికి ఈ నిబంధన తప్పదు కూడా. అయితే 300 ఫైళ్లున్న ఫోల్డర్ జాబితాను పంక్తికొక పేరు చొప్పున ఈ దారిలో చూపించాలంటే పది నిమిషాలు పడుతుంది. ఇక పాటో, బొమ్మో, ప్రోగ్రామో ముక్కలు చేసి పంపడం ఊహకందని మాట. కొన్ని బైటు విలువలు సందేశంలో రాకూడదన్న నిషేధం కూడా ఉంది గనుక, ఫైలును ఉన్నదున్నట్టు ఇందులో పెట్టి పంపే వీలు అసలే లేదు.

పరిచయం వరకే సర్వర్

ఈ అడ్డంకిని 1991లో ట్రాయ్ రోలో, అప్పట్లో యూనిక్స్ మీద ప్రసిద్ధమైన ఐఆర్‌సీ-టూ అనే చాట్ ప్రోగ్రాములో చేర్చిన డీసీసీ తొలగించింది. డీసీసీ అంటే మధ్యలో సర్వర్ లేకుండా ఒక వాడుకరి కంప్యూటర్ నుంచి మరో వాడుకరి కంప్యూటర్‌కు నేరుగా తగిలించే లంకె. ఇక్కడ ఐఆర్‌సీ సర్వర్ పాత్ర పెళ్లిళ్ల పేరయ్యది: ఇరువైపులవారికీ పరిచయం చేసి, చిరునామా చేతిలో పెట్టి తప్పుకుంటుంది, ఆ తర్వాతి ఇచ్చిపుచ్చుకోవడాలతో దానికి సంబంధం లేదు. పంపేవారి ప్రోగ్రాము తన కంప్యూటర్‌లో ఒక పోర్టును, అంటే నెట్‌వర్క్ లంకెలు వచ్చి తగిలే సంఖ్యగల ద్వారాన్ని తెరిచి, ఫైలు పేరు, తన ఐపీ చిరునామా, పోర్టు సంఖ్య, ఫైలు పరిమాణం ఒకే పంక్తిలో రాసి, దానికి ముందూ వెనుకా కంటికి కనపడని ఒక గుర్తు పెట్టి మామూలు సందేశంలాగే పంపుతుంది. అవతలి ప్రోగ్రాము ఆ గుర్తును పట్టుకుని, దాన్ని కబురుగా తెర మీద చూపకుండా, ఫలానావారు ఫలానా ఫైలు పంపుతున్నారు, తీసుకుంటారా అని యజమానిని అడుగుతుంది. సరే అంటే ఆ ద్వారానికి నేరుగా వెళ్లి తగులుకుంటుంది.

ఆ పంక్తిలో చిరునామా రాసే తీరు చూడదగ్గది. నాలుగు భాగాల మధ్య చుక్కలతో రాసే ఐపీ చిరునామాను డీసీసీ చుక్కలు తీసేసి ఒకే పెద్ద సంఖ్యగా మారుస్తుంది, 192.168.1.2 అన్నది 3232235778 అవుతుంది. యంత్రానికి ఇది సులువే, మనిషి మాత్రం చదివి పోల్చుకోలేడు. ఫైలు అందుకుంటున్న కంప్యూటర్ ఒక్కో ముక్క చేరగానే, ఇంతవరకు ఇన్ని బైట్లు ముట్టాయని నాలుగు బైట్ల రసీదు వెనక్కి పంపుతుంది. పంపేవైపు ఆ రసీదు కోసం ఆగి, అందాకే తర్వాతి ముక్కను వదులుతుంది. ముక్క 1,024 బైట్లు, రసీదు వచ్చిపోవడానికి అర సెకను అనుకుంటే, లైను ఎంత మంచిదైనా సెకనుకు రెండు కిలోబైట్లకు మించి రావు. ఖండాంతరాల మధ్య ఇది పెద్ద శిక్షే కావడంతో, రసీదు కోసం ఆగకుండా ముక్కలను ముందే వదిలే పద్ధతులు తర్వాతి ప్రోగ్రాముల్లో వచ్చాయి. మధ్యలో తెగిపోయిన ఫైలును మొదటి నుంచి కాక, ఆగిన చోటి నుంచి అందుకునే ‘రెజ్యూమ్’ సదుపాయం ఇంకా పెద్ద ఊరట; ఇంట్లో ఇంకెవరైనా ఫోను ఎత్తితే చాలు మోడెమ్ లైను తెగిపోయే ఆ కాలంలో దాని విలువ వాడినవారికే తెలుసు.

ఎనిమిది ఆదేశాలు

డీసీసీతో ఒకరు తలచుకుని ఒక ఫైలు పంపగలరు, అంతే. తన దగ్గర ఏమేమి ఉన్నాయో అవతలివారే చూసుకుని ఎంచుకునే ఏర్పాటును విండోస్ వాడే సామాన్యుడి దాకా తెచ్చింది ఎంఐఆర్‌సీ. ఖాలెద్ మర్దమ్-బే లండన్‌లో తయారు చేసి 1995 ఫిబ్రవరి 28న విడుదల చేసిన ఈ చాట్ ప్రోగ్రాములో ఫైల్ సర్వర్‌ను అందులో భాగంగానే ఇచ్చారు. యజమాని స్లాష్ గీత తర్వాత ‘ఎఫ్‌సర్వ్’ అని, అతిథి మారుపేరు, ఒకేసారి ఎన్ని ఫైళ్లు తీసుకోవచ్చో తెలిపే సంఖ్య, ఏ ఫోల్డర్ తెరవాలో దాని చిరునామా, ఇష్టమైతే స్వాగత సందేశం ఉన్న ఫైలు పేరు వరుసగా రాస్తే, అతిథికి డీసీసీ చాట్ పిలుపు వెళ్లేది. వెబ్‌సైట్ నడపాలంటే అద్దె కట్టాలి, ఎఫ్‌టీపీ నడపాలంటే నేర్వాలి. ఇక్కడ ఒక్క పంక్తితో ఇంటి కంప్యూటర్ సర్వర్ అయిపోయేది.

అతిథి పిలుపును ఒప్పుకోగానే చిన్న కిటికీ తెరుచుకుని, స్వాగత సందేశం, వాడదగ్గ ఆదేశాల పేర్లు కనిపించేవి. చదరపు కుండలీకరణాల మధ్య ఒకే ఒక వెనుకకు వాలిన గీత ఉంటే, అతిథి ఉన్నది యజమాని తెరిచిన ఫోల్డర్ గుమ్మం దగ్గరని అర్థం. అది యజమాని డిస్కులో ఎంత లోతున ఉన్నా, అతిథికి మాత్రం అదే మొదలు, అంతకు పైకి పోయే వీలు లేదు. ‘డిర్’ అంటే ఆ ఫోల్డర్‌లోని పేర్లు, పరిమాణాలతో సహా, ఒకదాని కింద ఒకటి దిగేవి. ‘ఎల్‌ఎస్’ అంటే పేర్లు మాత్రం అడ్డంగా వరుసలు కట్టేవి. ఒకే పనికి రెండు మాటలు ఎందుకంటే, డాస్ నుంచి వచ్చినవారి వేళ్లకు ఒకటి, యూనిక్స్ నుంచి వచ్చినవారి వేళ్లకు మరొకటి అలవాటు. ఏ వైపునుంచి వచ్చినవారూ కొత్తగా నేర్చుకోనక్కర లేకుండా ప్రోగ్రాము రెండిటికీ బదులిచ్చింది. ‘సీడీ’ అని పక్కన ఫోల్డర్ పేరు రాస్తే లోపలికి, పేరుకు బదులు రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి. యజమాని ఫోల్డర్‌లో ‘డిర్‌ఇన్ఫో’ అనే పేరుతో చిన్న వివరణ ఫైలు పెట్టి ఉంటే, అతిథి లోపల అడుగు పెట్టగానే అది తెర మీద పడేది. ‘రీడ్’ అన్నది మిగతా వాటికంటే సున్నితమైన ఆదేశం: అక్షరాలున్న ఫైలును దించుకోకుండానే కొన్ని పంక్తుల చొప్పున అక్కడికక్కడే చదువుకోవచ్చు, కాబట్టి జాబితాలు, నియమాలు, పుస్తకం మొదటి పుట లాంటివి చూసి అక్కరలేని బదిలీని తప్పించుకోవచ్చు. ‘గెట్’ అంటే ఫైలు పంపమని. పేరును చివరి మూడక్షరాల పొడిగింపుతో సహా తూచా తప్పకుండా రాయాలి. పేరులో ఖాళీలు డీసీసీ పంక్తిని తికమక పెట్టేవి గనుక, ఖాళీ ఉన్నచోట అడుగు గీత పెట్టడం ఆనవాయితీ అయింది. ‘హెల్ప్’ అంటే వివరణ, ‘ఎగ్జిట్’ అన్నా ‘బై’ అన్నా సెలవు. ఏమీ టైపు చేయకుండా ఊరికే కూర్చున్న అతిథిని ప్రోగ్రామే కాసేపటికి బయటికి పంపేసేది, ఎందుకంటే ఆ కిటికీ కోసం వెనుక మరొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు.

ఎదురుచూపు ఆ కాలపు ముఖ్య అనుభవం. నాలుగు నిమిషాల పాటను సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున ఎంపీ-త్రీగా మారిస్తే సుమారు 3,840 కిలోబైట్లు అవుతుంది, 28.8 మోడెమ్ మీద సెకనుకు మూడు కిలోబైట్లు దిగితే అదే గొప్ప, అంటే ఒక్క పాటకు ఇరవై ఒక్క నిమిషాలు. అదే లైను మీద ఇద్దరికి పంపితే ఆ సమయం రెట్టింపు. ఎంఐఆర్‌సీలో అంతర్భాగంగా ఉన్న సర్వర్‌కు ఈ రద్దీని వరుసలో పెట్టడం తెలియదు కాబట్టి, ఆ పని అభిమానుల చేతికి వచ్చింది. ఎంఐఆర్‌సీకి తనదైన చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉండడంతో సిస్‌రీసెట్, పాంజర్ వంటి స్క్రిప్టులు, అంటే దానికి తగిలించే అదనపు ప్రోగ్రాములు, వాడుకలోకి వచ్చి, ఆ ఎనిమిది ఆదేశాలకు మరికొన్నిటిని చేర్చాయి: ‘సెండ్స్’ అంటే ప్రస్తుతం ఎవరికి ఏది ఎంత వేగంతో పోతున్నదీ, ‘క్యూస్’ అంటే వరుసలో ఎవరి వెనుక ఎవరున్నదీ, ‘హూ’ అంటే లోపల ఎవరెవరు తిరుగుతున్నదీ చెప్పేవి, వరుసలో తన పేరు తానే కొట్టేసుకునే ఆదేశమూ ఉండేది.

మర్యాదలు, మందలింపులు

పాత ఆదేశాలకు కొత్త అర్థం వచ్చింది ఇక్కడే. ఎఫ్‌టీపీలో ‘గెట్’ అన్నది యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ. చానల్లో అదే మాట, అవతల మేలుకుని చూస్తున్న ఒక మనిషి ఇంటి లైనును అరగంట పాటు అడగడం. సర్వర్ యజమాని తన చాట్ ప్రోగ్రామును నడుపుతూ, చానల్లో కూర్చుని, ఎప్పటికప్పుడు ఒక ప్రకటన పంక్తి వేసేవాడు: ట్రిగ్గర్ ఏమిటో, ఎంతమందికి చోటు ఉందో, ఎన్ని బదిలీలు నడుస్తున్నాయో, వరుసలో ఎందరున్నారో, లోపల ఏముందో అందులో ఉండేది. ట్రిగ్గర్ అంటే తలుపు తట్టే మాట. చాలాచోట్ల ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే ఆ మాటను అతిథి చానల్లో టైపు చేయగానే స్క్రిప్టు కనిపెట్టి డీసీసీ పిలుపు పంపేది. ఇచ్చింది తీసుకుని మారుమాట లేకుండా పోయేవారిని జలగలని తిట్టేవారు. కొందరు యజమానులు ఒక వంతు పంపితే మూడు వంతులు తీసుకోవచ్చు అన్నట్టు నిష్పత్తులు విధించేవారు. చానల్ పెత్తనం చేసే ఆపరేటర్లు నియమాలు మీరినవారిని గెంటివేయగలరు, పేరు పట్టి నిషేధించగలరు. యజమాని లైను తెగితే కొట్టు మూసినట్టే. కేంద్రంగా ఏ సూచిక లేదు కాబట్టి, ఎవరి దగ్గర ఏముందో తెలియాలంటే చానల్లో ఉండాలి, నలుగురినీ ఎరగాలి. వెతుకులాట కోసం స్క్రిప్టులు ‘@ఫైండ్’ అనే ఆదేశాన్ని ప్రవేశపెట్టాక, ఒక పేరు టైపు చేస్తే అది ఉన్న సర్వర్లన్నీ విడివిడిగా బదులివ్వడం మొదలైంది. అదీ ఆ క్షణాన చానల్లో మెలకువగా ఉన్న సర్వర్లే.

ఈ ముఖాముఖి పరిచయమంతా వద్దనుకున్నవారికి ఎక్స్‌డీసీసీ ఉండేది. అందులో ఫోల్డర్లలో తిరగడం లేదు. బాట్, అంటే మనిషి పేరుతో చానల్లో కూర్చునే ప్రోగ్రాము, తన ఫైళ్లకు సంఖ్యలు వేసి చెబుతుంది, అతిథి దానికి సంఖ్య పంపితే ఫైలు వస్తుంది. వేగవంతమైన లైను ఉన్న యంత్రాల మీద దీనికే మొగ్గు ఉండేది. త్వరగా పని జరుగుతుందనడంలో సందేహం లేదు గాని, అరలు తిరగేస్తూ అనుకోనిది కంటపడే అవకాశం అందులో లేదు. ‘సీడీ’ అని టైపు చేసి తెలియని ఫోల్డర్‌లోకి అడుగు పెట్టడంలో ఉన్న సరదా సంఖ్యల జాబితా ఇవ్వదు.

తెరిచిన తలుపులోంచి

అపరిచితుడికి తన డిస్కులో చోటిచ్చే ఏర్పాటులో ప్రమాదం ఉండనే ఉంటుంది. తెరవవలసిన ఫోల్డర్‌కు బదులు సీ డ్రైవ్ మొత్తాన్నీ చిరునామాగా రాస్తే, ఆ ఒక్క పంక్తితో ఉత్తరాలు, లెక్కలు, పాస్‌వర్డ్ ఫైళ్లు అన్నీ అతిథి ‘డిర్’ ముందు పరుచుకుంటాయి. ఏమీ తెలియని కొత్తవారికి ఫలానా పంక్తి టైపు చేయమని చెప్పి ఇలా మోసగించేవారు ఉండడంతో, ఎవరో చెప్పిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా టైపు చేయవద్దన్న హెచ్చరిక ఐఆర్‌సీలో తొలి పాఠమైంది.

1997 చివర వ్యాపించిన స్క్రిప్ట్‌.ఐఎన్‌ఐ పురుగు ఇంకా తెలివైనది. అప్పటి ఎంఐఆర్‌సీ, డీసీసీలో వచ్చిన ఫైలును తాను నివసించే ఫోల్డర్‌లోనే భద్రపరిచేది. తన ఆదేశాల ఫైలూ అక్కడే ఉండేది, దాని పేరూ అదే. ఫైలు వస్తే అడగకుండా తీసుకునేలా అమర్చుకున్నవారికి, ఆ పేరుతో ఫైలు రాగానే ప్రోగ్రాము దాన్ని తన సొంత ఆదేశాలుగా భావించి పాటించి, చానల్లోకి వచ్చే మరొకరికి అదే ఫైలును పంపడం మొదలుపెట్టేది. ఏ రంధ్రమూ కొట్టకుండా, ఇచ్చిన సదుపాయాలనే వరుసగా వాడుకుని లోపలికి వచ్చిన పురుగు ఇది. దించిన ఫైళ్లకు వేరే ఫోల్డర్ కేటాయించడం, ప్రమాదకరమైన పొడిగింపులున్న ఫైళ్లను నిరాకరించడం తర్వాతి విడుదలల్లో వచ్చిన మందు.

కాపీహక్కుల సంగతి దాచవలసింది కాదు. ఈ కొట్లలో స్వేచ్ఛగా పంచుకోదగ్గ ప్రోగ్రాములు, ఆటల అదనపు భాగాలు, కాలం చెల్లిన పుస్తకాలు ఉన్నా, పాటలు, అమ్మకపు సాఫ్ట్‌వేరు, సినిమాలు హక్కుదారుల అనుమతి లేకుండా పెట్టినవి విస్తారంగా ఉండేవి. 2001 డిసెంబరు 11న అమెరికా కస్టమ్స్ శాఖ నాయకత్వంలో పలు దేశాల్లో ఒకేసారి జరిగిన ఆపరేషన్ బుక్కనీర్ దాడులు డ్రింక్‌ఆర్‌డై వంటి వ్యవస్థీకృత ముఠాల మీద సాగాయి. ఆ ముఠాల సరుకు ప్రధానంగా రహస్య ఎఫ్‌టీపీ యంత్రాల్లో ఉండేది, మంతనాలు ఐఆర్‌సీలో సాగేవి. పాటల ఫోల్డర్ తెరిచిన ఇంటి యజమానికీ, ఈ ముఠాలకూ చట్టం దృష్టిలో తేడా తక్కువే కావచ్చు, చరిత్ర దృష్టిలో చాలా ఉంది.

తెలుగునాట ఇది ఎలా ఉండేది

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. తక్కువ ఖర్చుతో దొరికిన షెల్ ఖాతాల్లో బొమ్మలు ఉండేవి కావు. అవతలి యూనిక్స్ యంత్రంలోకి అక్షరాలతోనే వెళ్లి, అక్షరాలతోనే పని నడుపుకోవాలి. అందువల్ల ఆ ఖాతాలతో మొదలైనవారికి ‘ఎల్‌ఎస్’, ‘సీడీ’ కొత్త కావు. తర్వాత వీధివీధినా వెలసిన నెట్ సెంటర్లలో ఎంఐఆర్‌సీ కనిపించడం మామూలు విషయమైనా, అక్కడ ఫైల్ సర్వర్ వాడకానికి రెండు ఆటంకాలు ఉండేవి. ఒకటి, గంటకింత అని రుసుము చెల్లిస్తూ దించిన పాటను ఇంటికి తీసుకుపోవాలంటే 1.44 మెగాబైట్ల ఫ్లాపీల్లో ముక్కలుగా పంచి ఎక్కించుకోవాలి. రెండు, సెంటర్‌లోని కంప్యూటర్లన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకుంటున్నప్పుడు, ఒక్కో కంప్యూటర్‌కు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా మాత్రమే ఉంటుంది. అక్కడ కూర్చుని ఎవరైనా ఫైలు పంపబోతే, ఇంతకుముందు చెప్పిన 3232235778 లాంటి సంఖ్య అవతలివారికి చేరుతుంది. బయటి ప్రపంచంలో ఆ చిరునామాకు అర్థం లేదు గనుక లంకె తగలదు. ఫైలు తీసుకోవడం సాధారణంగా కుదిరేది, ఇవ్వడమే కుదిరేది కాదు.

తెలుగువారికి మరో ప్రత్యేకమైన చిక్కు లిపిది. ఐఆర్‌సీ సందేశంలోని బైటు ఏ లిపిలోని ఏ అక్షరమో నియమావళి చెప్పలేదు. విండోస్‌లో తెలుగు యూనికోడ్ సదుపాయం 2001లో ఎక్స్‌పీతో గాని రాలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్, తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి కచ్చితమైన పద్ధతిని ఇచ్చినా, పాటల ఫైళ్లకు పేర్లు పెట్టేవారు దాన్ని పాటించాలని ఏమీ లేదు. దీర్ఘానికి ఒకరు అక్షరం రెట్టించి, మరొకరు రెట్టించక, ఒత్తు అక్షరానికి ఒకరు ‘హెచ్’ చేర్చి, మరొకరు వదిలేసి రాస్తే, ఒకే పాటకు నాలుగైదు పేర్లు తయారవుతాయి. ‘@ఫైండ్’కు ఈ తేడాలు తెలియవు. తెలుగు పాట దొరకాలంటే వెతుకులాటను నమ్మకుండా ‘సీడీ’, ‘డిర్’లతో అరలు తిరగేయడమే మేలైన మార్గంగా మిగిలింది.

తర్వాత

చానల్లో పుట్టిన లోటుకు చానల్లోంచే జవాబు వచ్చింది. ఐఆర్‌సీలో ‘నాప్‌స్టర్’ అన్న మారుపేరుతో తిరిగిన షాన్ ఫానింగ్ అదే పేరుతో 1999 జూన్‌లో విడుదల చేసిన ప్రోగ్రాము, ఫైళ్లను ఇళ్లలోని కంప్యూటర్లలోనే ఉంచి, సూచికను మాత్రం ఒక చోటికి చేర్చింది. ట్రిగ్గర్, వరుస, మందలింపు అక్కర లేకుండా పేరు రాస్తే పాట దొరికింది. ఆ కేంద్ర సూచికే న్యాయస్థానాల్లో దాని మెడకు చుట్టుకుని 2001 జులైలో సేవ ఆగిపోయింది. అదే సంవత్సరం బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్‌ను బయటపెట్టి, అందుకుంటున్నవారు అందరూ అదే సమయంలో ఇచ్చేవారు కూడా అయ్యేలా చేశారు. జలగలన్న తిట్టుకు కారణమైన ప్రవర్తనను నియమావళే సరిదిద్దింది. ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్‌తో పాటు రౌటర్లు రావడంతో, ఒకప్పుడు నెట్ సెంటర్లకు పరిమితమైన లోపలి చిరునామా చిక్కు ప్రతి ఇంటికీ వచ్చింది. పంపేవారికి బదులు అందుకునేవారే ద్వారం తెరిచే ఎదురు డీసీసీ పద్ధతి వచ్చినా, ఇరువైపులా రౌటర్లుంటే అదీ కుదరదు. 2002, 2003 ప్రాంతాల్లో సర్వర్ల మీద వరుస దాడులతో సతమతమైన డాల్‌నెట్, అప్పటి పెద్ద ఐఆర్‌సీ నెట్‌వర్కుల్లో ఒకటి, ఫైళ్లు పంచడమే ప్రధానంగా నడిచే చానళ్లను ఇక అనుమతించబోమని 2003 మొదట్లో ప్రకటించింది.

స్లాష్ గీతతో ఆదేశం మొదలుపెట్టే ఐఆర్‌సీ అలవాటు స్లాక్, డిస్కార్డ్, టెలిగ్రామ్‌లలో నేటికీ కొనసాగుతోంది. 2015లో టెలిగ్రామ్ బాట్లను అనుమతించాక, బాట్‌కు ఒక మాట పంపి ఫైలు తెప్పించుకోవడం కోట్ల మందికి తెలిసిన పనైంది, అయితే అక్కడ ఫైళ్లు ఉండేది కంపెనీ యంత్రాల్లో. ఎంఐఆర్‌సీలో ఫైల్ సర్వర్ ఇప్పటికీ ఉంది. ఐఆర్‌సీలో ఈ సంప్రదాయం గట్టిగా మిగిలింది ఈ-పుస్తకాల చానళ్లలో: అక్కడ ‘@సెర్చ్’ అని పుస్తకం పేరు టైపు చేస్తే, వెతుకులాట బాట్ ఫలితాలను ఒక జిప్ ఫైలుగా డీసీసీలో పంపుతుంది, దాన్ని విప్పి, కావలసిన పంక్తిని ఆశ్చర్యార్థకంతో సహా యథాతథంగా చానల్లో అతికిస్తే, ఆ పుస్తకం ఎవరి దగ్గరుందో వారి సర్వర్ దాన్ని వరుసలో పెట్టి పంపుతుంది. ఈ పద్ధతిలో ఫోల్డర్లలోకి వెళ్లే పనే లేదు గనుక, మొదటి ఎనిమిది ఆదేశాల్లో ఒక్కటి కూడా టైపు చేయకుండానే పుస్తకం చేతికి వస్తుంది.